గంట మోగాకే కాయ

వానలు మొదలైతే మా ఊరి బీడులో షియా కాయలు రాలతాయి. రాత్రి రాలిన కాయ పొద్దున ఎవరు ముందు వంగితే వాళ్లది. ఆ గింజల నుంచి తీసే వెన్న అమ్మితేనే మా ఆడవాళ్లకు ఏడాది పొడుగునా ఉప్పూ, సబ్బూ, బట్టా. అందుకే ఆ రెండు నెలలూ ఆడపిల్లలు చీకటితోనే బేసిన్లు నెత్తిన పెట్టుకుని బయలుదేరతారు.

లహీరి ముసలమ్మకు మోకాళ్లు వంగవు. ఆమె బదులు వంగేది ఆమె దగ్గర పెరుగుతున్న మనవరాలు వుంపిని. ఆరో తరగతి. కాయలు ఇంట్లో పోసి, కాళ్ల బురద కడుక్కుని బడికి చేరేసరికి లెక్కల పాఠం అయిపోయేది. ఇంకో వారం ఇలాగే సాగితే పరీక్షకు కూర్చోనివ్వనని యాకుబు మాస్టారు కబురు పెట్టాడు.

లహీరి కర్ర పట్టుకుని బడి సమావేశానికి వచ్చింది. ఎప్పుడూ రాని మనిషి. అందరూ మాట్లాడాక మెల్లగా అడిగింది.

"కాయ ముందొచ్చినవాళ్లదే. చదువూ ముందొచ్చినవాళ్లదే అంటున్నావు. ఒక్క పిల్ల రెండుచోట్ల ముందెలా ఉంటుంది, మాస్టారూ?"

మా ఆడవాళ్ల పెద్ద అజారా మాస్టారి వైపు తిరిగి, బడి గంట ఎన్నింటికి కొడతారని అడిగింది. సరిగ్గా ఏడింటికని అతను కాస్త గర్వంగానే చెప్పాడు. అయితే రేపట్నించి గంట మోగేదాకా బీడులో ఎవరి నడుమూ వంగకూడదని అజారా తీర్పిచ్చింది. పిల్లలు బడికి, తల్లులు బీడుకు. లహీరికి ఇంటికో దోసెడు కాయలు. గంటకు ముందే వంగినదాని బేసిను ఆ రోజుకు లహీరిది. ఈలోగా కాయలు మేకలు తినేస్తాయని నా పక్కనున్న సనాతు సణిగింది గానీ ఎవరూ పట్టించుకోలేదు.

మర్నాడు నలభై మందిమి బీడు అంచున బారులు తీరి నిలబడ్డాం. కళ్లెదుట కాయలు పరుచుకుని ఉన్నాయి. ఏడయింది. గంట లేదు. ఎండ ఎక్కింది. మేకలు దర్జాగా వచ్చి మేయడం మొదలుపెట్టాయి. సనాతు నా వైపు చూసి, "చెప్పానా లేదా?" అంది. అయినా ఎవరూ వంగలేదు. చివరికి అజారా వెనక్కి తిరిగింది. ఆమె వెనకే మేమందరం బడికి నడిచాం.

పిల్లలు బడి ఊడ్చి వరండాలో కూర్చున్నారు. వుంపిని పుస్తకం తెరుచుకుని ముందు వరసలో ఉంది. గంట కొట్టే ఇనుప కడ్డీ మాస్టారి గదిలో, గదికి తాళం. ఎనిమిదిన్నరకు మాస్టారి మోటార్ సైకిల్ బురద చిమ్ముకుంటూ వచ్చి ఆగింది.

మా దగ్గర పలకరింపుకు జవాబివ్వకుండా అడుగు ముందుకు వేయకూడదు. అజారా మర్యాదగా గొంతుక్కూర్చుంది.

"నిద్ర బాగా పట్టిందా, మాస్టారూ?"

పట్టిందన్నాడు. ఇంట్లోవాళ్లు కులాసాయేనా అని ఒకరు, పెరట్లో కోళ్లు కులాసాయేనా అని ఇంకొకరు, మోటార్ సైకిల్ కులాసాయేనా అని సనాతు. నలభై మందికీ జవాబిచ్చేసరికి అతనికి హెల్మెట్ తీసే తీరిక కూడా దొరకలేదు. ఎవరూ ఒక్క మాట తిట్టలేదు. అదే అతన్ని ఎక్కువ కుదిపింది.

"వాగు పొంగితే దాటలేకపోతున్నానమ్మా. టౌను నుంచి రావడం మీరనుకున్నంత సులువు కాదు," అన్నాడు.

అది నిజమే. ఆ సంగతి అంతవరకూ అతన్ని మేమూ అడగలేదు. ఆ సాయంత్రమే ఊరిపెద్ద తన లోగిలిలో మాస్టారికి ఒక గది ఖాళీ చేయించాడు. రాత్రి అన్నం వంతులవారీగా మా ఇళ్లనుంచి. సనాతు వంతు వచ్చిన రోజు కూరలో కారం కాస్త ఎక్కువే పడేది.

ఇనుప కడ్డీని మాత్రం మాస్టారు వుంపిని చేతికిచ్చాడు. చీకటితో లేవడం ఈ పిల్లకు అలవాటే, నన్ను కూడా లేపుతుంది అన్నాడు. పరీక్షకు వెళ్లేవాళ్ల జాబితాలో ఆమె పేరు అతనే ముందు రాశాడు.

ఇప్పుడు వేలాడదీసిన పాత లారీ చక్రం మీద కడ్డీ ఖంగుమనగానే బీడంతా ఒక్కసారిగా వంగుతుంది. లహీరి వాకిట్లో కాళ్లు చాపుకుని కాయలు చితక్కొడుతూ ఆ మోత వింటుంది. దారిన పోయేవాళ్లను ఆపి మరీ చెబుతుంది.

"నా ఒక్కదానికోసం వంగే పిల్ల, ఇప్పుడు నలభై మందిని వంచుతోంది చూడు."