కిమ్చీలో ఆవపిండి

"నా కిమ్చీలో ఆవపిండి ఎవరు కలిపారు?"

ఆశాజ్యోతి అరుపుకి హమీద్ చేతి మీది నాలుగు పళ్ళేలూ గలగలలాడాయి గానీ ఒక్కటీ జారలేదు. మణికట్టు మీద ఒకటి, మోచేతి మడతలో ఒకటి, వేళ్ళ మధ్య రెండు. వాటిని గట్టు మీద దించి, ఎడమ మోకాలు ఒకసారి రుద్దుకుని, వంటగదిలోకి తొంగిచూశాడు.

పెద్ద గాజు జాడీ ముందు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది ఆశాజ్యోతి. సీతమ్మధారలో ఈ హోటల్ పెట్టింది ఆమే, పెద్ద వంటా ఆమెదే. కొరియా, జపాన్ వంటకాలు, అన్నీ అరచెయ్యంత పళ్ళేల్లో. తినడానికి చెంచాల బదులు రెండు పుల్లలిస్తారు కాబట్టి ఆటోవాళ్ళు మాత్రం 'పుల్లల హోటల్' అంటారు. జాడీలో ఉన్నది కిమ్చీ. చైనా క్యాబేజీకి ఉప్పూ కారమూ పట్టించి ఊరబెట్టే కొరియా పచ్చడి. ఊరేటప్పుడు నురగ కట్టి పొంగుతుంది. ఇవాళ మధ్యాహ్నం తొలిసారి అసలు సిసలు కొరియావాళ్ళే వస్తున్నారు. ఫ్యాక్టరీ పని మీద ఊళ్ళో దిగిన ఇంజనీర్లు. తిండి నచ్చితే ఇక్కడున్నంత కాలం భోజనాలు ఈ హోటల్లోనే. నచ్చకపోతే మధురవాడలో ఇంకో హోటల్ చూసుకుంటారు. కిమ్చీ మళ్ళీ ఊరాలంటే రోజులు పడుతుంది. వాళ్ళు రావడానికి గంట కూడా లేదు.

"వాసన చూడండి! ఆవకాయ జాడీలా లేదూ? పైన నువ్వుల నూనె కూడా!"

"నాకేం తెలీదండి బాబూ," అన్నాడు వంటవాడు నాగవంశీ. పుట్టి పెరిగింది ఉక్కునగరం క్వార్టర్సులోనే అయినా అతని మాటని ఇంటి గోదావరి యాస వదల్లేదు. "నిన్న మధ్యాహ్నం నేను సెలవండి. సినిమాహాల్లో ఉన్నానండి. కావాలంటే మా ఆవిణ్ణి అడగండి."

"నేనూ హమీద్ భాయీ బజారుకెళ్ళాం. అయితే ఇక్కడున్నది నువ్వే వరహాలమ్మా."

కూరలు తరిగే వరహాలమ్మ కత్తిపీట మీంచి తలెత్తలేదు. "నాను ముట్టుకోలేదమ్మా."

"ఎవరు ముట్టుకున్నారో చూశావా?"

వరహాలమ్మ ఇంకో ఉల్లిపాయ అందుకుంది. ఆ చెప్పకపోవడమే ఆమె మెడకి చుట్టుకుంది.

"సరే. మధ్యాహ్నం భోజనాలయ్యేదాకా ఉండు. రేపట్నుంచి రావద్దు."

ఇవాళ ఈ హోటల్లో హమీద్‌కి ఆఖరి రోజు. నవ్వుతూ బయటపడదామనుకున్నాడు.

అతని బతుకంతా సాసర్లే. మీసాలు రాకముందే హార్బరు దగ్గరి టీ హోటల్లో చేరాడు. కళాసీలు వేడి టీని సాసర్లో ఒంపుకుని ఊదుకుంటూ తాగేవారు. చేతి మీద వరసగా సాసర్లు పేర్చుకుని, గుంపులోంచి చుక్క ఒలక్కుండా నడవడం అక్కడే వంటబట్టింది. ఆ హోటల్ మూసేసిన రోజు యజమాని తలా ఒక వస్తువు తీసుకోమంటే, గోడ గడియారం మీద కన్నుపడ్డా, నీలం అంచున్న ఒక సాసర్ తీసుకున్నాడు. ఇక్కడ ఉద్యోగానికి వచ్చినప్పుడు ఈ బుల్లి పళ్ళేలు చూసి, "ఇవి సాసర్లే కద మేడంగారూ!" అని మొహం ఇంత చేసుకున్నాడు. ఇప్పటికీ వాటిని సాసర్లనే అంటాడు. మిసో సూపు అంటే ఏమిటని ఎవరైనా అడిగితే, "ఉలవచారుకి జపాన్‌లో తమ్ముడు సార్," అని చెబుతాడు. ఆ మాట కోసమే అడిగేవాళ్ళున్నారు. మోకాళ్ళే ఇక సహకరించడం లేదు. కూతురు ఫాయిజా వన్‌టౌన్‌లో బట్టల కొట్టు తెరిచింది. గల్లాపెట్టె దగ్గర కుర్చీ తండ్రిదేనట. నలభై ఏళ్ళు నిలబడ్డ మనిషికి కుర్చీ అంటే మాటలా!

"హమీద్ భాయ్, ఆ గుడ్డ అవతల పారేయండి," అంది ఆశాజ్యోతి.

జాడీ మూతికి కట్టిన గుడ్డ అది. ముడి విప్పకుండా పైకి లాగేసినట్టున్నారు. హమీద్ చేతిలోకి తీసుకున్నాడు. రెండు చుట్లు చుట్టి, ఎడమ పక్కకి కుందేలు చెవిలా చిన్న మడత వదిలిన ముడి. అతని వేళ్ళు చూడకుండానే దాన్ని విప్పేశాయి. ఇంటి నుంచి తెచ్చుకునే టిఫిన్ క్యారేజీ మీద రోజూ విప్పే ముడి!

నిన్న బీపీ మాత్రలు ఇంట్లో మరిచిపోయి వచ్చాడు. సాయంత్రానికి అవి హోటల్లో అతని అలమరలో ఉన్నాయి. తనే జేబులో తెచ్చుకుని అక్కడ పెట్టి ఉంటాడులే అనుకున్నాడు.

వరహాలమ్మ దగ్గరికి వెళ్ళి గొంతు తగ్గించాడు. "నిన్న ఎవరొచ్చారో నువ్వు సూశావు కదా?"

"ఊరుకోండి బాయిగారూ. మీరు ఎల్లిపోయే రోజు మీ ఇంటి మాట ఇక్కడ ఎందుకు? నాకు ఇంకో సోట పని దొరుకుతాది."

హమీద్ నోరు తెరిచాడు. అంతలో బయట కారు తలుపుల చప్పుడు.

కొరియావాళ్ళు ఆరుగురు. పెద్దాయన పేరు పార్క్. వేయించిన రొయ్యలు వెళ్ళాయి, జపాన్ అట్టు వెళ్ళింది, నీచు తగలని అన్నపు చుట్టలు వెళ్ళాయి. కిమ్చీ లేకుండా కొరియా భోజనం లేదు కాబట్టి, వేరే దారిలేక అదీ వెళ్ళింది. పళ్ళెం పెట్టి హమీద్ ఒక అడుగు వెనక్కి వేశాడు.

పార్క్ పుల్లలతో ఒక ముక్క నోట్లో పెట్టుకున్నాడు. నమలడం ఆపాడు.

"ఇది కిమ్చీ కాదు," అన్నాడు ఇంగ్లీషులో.

తెర వెనక ఆశాజ్యోతి కళ్ళు మూసుకుంది. పార్క్ ఇంకో ముక్క తీశాడు. ముక్కు ఎగబీల్చాడు. నెత్తి మీద తట్టుకున్నాడు. కళ్ళల్లో నీళ్ళు. పుల్లలు పక్కన పెట్టేసి, "తెల్లన్నం ఉందా?" అన్నాడు.

అంతే. అన్నం గిన్నె మీద గిన్నె. మిగతా ఐదుగురూ రొయ్యల్ని వదిలేసి పచ్చడి మీద పడ్డారు.

"కిమ్చీ కాకపోతే ఇదేమిటి?" అని అడిగాడు పార్క్.

"కిమ్చీకి ఇండియాలో ఆంటీ, సార్," అన్నాడు హమీద్.

బల్ల బల్లంతా గొల్లున నవ్వింది. వచ్చే ఆదివారం ఇంకా పాతికమందితో వస్తామన్నారు, ఈ ఆంటీ ఉండాలన్నారు. ఆశాజ్యోతి వంటగదిలోకి పరిగెత్తింది.

"ఎవరు చేశారో చెప్పండి! తిట్టను, ఒట్టు!"

"బాగా ఆలోచిస్తే నేనే అయ్యుండొచ్చండి," అన్నాడు నాగవంశీ.

"నువ్వు సినిమాహాల్లో ఉన్నావుగా!"

"ఇంటర్వెల్లో వచ్చుంటానండి."

"వరహాలమ్మా, నువ్వేనని చెప్పు. రేపు మామూలుగా వచ్చెయ్."

"సెయ్యని పనికి నాకు పేరెందుకమ్మా?" అంది వరహాలమ్మ, చెంగుతో చెయ్యి తుడుచుకుంటూ.

వీధి తలుపు దగ్గర గాజుల చప్పుడైంది. నల్ల బురఖా, పైకెత్తిన ముసుగు, చేతిలో గొడుగు. భర్తని ఇంటికి తీసుకుపోవడానికి వచ్చిన జైతూన్ బీ. ఆఖరి రోజున ఇద్దర్నీ కూర్చోబెట్టి వడ్డించాలని ఆశాజ్యోతి ముందే అనుకుంది. కిటికీ పక్క కుర్చీలో హమీద్ అంచున కూర్చున్నాడు, ఎవరో లేవమంటారేమో అన్నట్టు. వరహాలమ్మ ఒక్కొక్క పళ్ళెమే తెచ్చి పెట్టింది. మిగిలిన పచ్చడి మాత్రం, హమీద్ ఇక్కడ రోజూ టీ తాగే నీలం అంచు సాసర్లో తెచ్చింది.

జైతూన్ బీ వేలితో నాలిక్కి రాసుకుని, భర్త చెవి దగ్గరికి వంగింది. "సునోజీ, తేరుకుంది సూడు. నిన్న బుసబుసా పొంగిపోతంది పాపం. పచ్చడి పొంగితే పాడైపోయినట్టే కదా? ఉప్పూ, ఆవపిండీ, నూనే పోసి బతికించాను."

"ఎవరి జాడీ అనుకున్నావ్?"

"పాడైపోతన్న పచ్చడి ఎవరిదైతే ఏటి?"

హమీద్ భుజాలు కదిలాయి. నవ్వు ఆపుకోవడానికి మంచినీళ్ళు తాగాడు, కొరబోయింది. ఇద్దరూ సాసర్‌ని అన్నంతో తుడిచి మరీ తిన్నారు.

ఆటో హారన్ కొట్టింది. అతను ఏప్రాన్ మడిచి కుర్చీ మీద పెట్టాడు. గుమ్మం దాకా వెళ్ళి, భార్య చెయ్యి పట్టుకుని వెనక్కి తిరిగాడు. హోటలంతా వినబడేలా, ఆర్డర్ చెప్పే గొంతుతో అన్నాడు:

"మేడంగారూ! వరహాలమ్మని ఏటీ అనకండి. మీ జాడీలో సెయ్యి పెట్టింది ఈవిడే. నా బీబీ, జైతూన్ బీ!"

ముందు ఆశాజ్యోతి నవ్వు, దాని మీద నాగవంశీ చప్పట్లు.

"వరహాలమ్మా, తప్పు నాది. రేపు తొందరగా రా, ఇంకో జాడీ కడగాలి. జైతూన్ బీ గారూ, మీరూ రావాలి!"

"బాయిగారూ, మీ సాసర్!" అంటూ వరహాలమ్మ బయటికి పరిగెత్తింది. కదిలిపోతున్న ఆటోలోంచి ఖాళీ చెయ్యి ఒకటి ఊగింది, 'ఉండనీ' అన్నట్టు.

ఆమె తిరిగొచ్చి నల్ల పళ్ళేల దొంతర మీద దాన్ని బోర్లించకుండా పెట్టింది. నీలం అంచు సాసర్, నడిమధ్య ఒక పచ్చటి ఆవ మరక.