ముక్కుల్లేని గ్రహం

అద్దంకి బస్టాండు వెనక సందులో సిలార్ జిరాక్స్ షాపు పొద్దున తొమ్మిదింటికి తెరుస్తాడు. ఆధార్ కార్డులు, పాసుపుస్తకాలు జిరాక్స్ తీసి జనాన్ని పంపేసరికి ఒంటిగంట. అప్పుడు కొత్త కంప్యూటర్ ఆపేసి, మూలనున్న పాతదాని ముందు కూర్చుంటాడు. అది తొంభై ఆరులో కొన్నది. నల్లటి తెర మీద తెల్లగీతల ఓడ. ఒక గ్రహంలో సరుకు కొని ఇంకో గ్రహంలో అమ్మాలి, దారిలో దొంగల్ని తప్పించుకోవాలి. ఆట అంతే. ఆ అంతేకే ఇరవై తొమ్మిదేళ్ళు పట్టింది. నిఖా అయిన ఏడాదే కంప్యూటర్ కొన్నాడు కాబట్టి ఓడకి పెళ్ళాం పేరే పెట్టాడు, గుల్జార్ అని.

ఆట ఆపేసరికి ఓడలో మిగిలిన సరుకు నిజంగానే ఫ్లాపీ పెట్టే సందులోంచి రాలుతుంది. ఎప్పుడూ చెంచాడుకి మించదు. ఎదురు షాపు టైలర్ అన్వర్ దారం అయిపోతే వచ్చి, "సిలార్ భాయ్, నీలం రంగు ఏమన్నా దిగిందా?" అంటాడు. దిగితే పట్టుకెళ్తాడు, లేకపోతే బజారుకి పోతాడు.

గుల్జార్ బేగం ఆ ఆట జోలికి రాదు. "ఆకాశమంతా తిరిగారు, నన్ను చీరాల సముద్రానికన్నా తీసుకెళ్ళారా?" అని దెప్పుతుంది.

ఆమెది కోల్డ్ స్టోరేజీలో ఉద్యోగం. బస్తాలోంచి ఒక మిరపకాయ తీసి, విరిచి, వాసన చూసి, అది ఏ వైపు చేలోదో, వానకి తడిసిందో లేదో చెప్పేది. ఆమె మాటకి ఎదురు లేదు. రెండేళ్ళ కిందట జ్వరమొచ్చి తగ్గింది గాని వాసన మాత్రం తిరిగి రాలేదు. మిరపకాయల మధ్య నిలబడ్డా తుమ్ము రాదు. డాక్టర్లు అయ్యారు, దర్గా అయింది.

ఆ శుక్రవారం స్టోరేజీ యజమాని నాగేంద్రబాబు ఇంటికే వచ్చాడు.

"గుల్జారమ్మా, సోమవారం నుంచి కాయ దిగుతుంది. ఇన్నాళ్ళూ ఆగాను. ఈసారి కూడా నీ వల్ల కాదంటే ఇంకొకళ్ళని పెట్టుకోక తప్పదమ్మా."

"పెట్టుకోండి బాబుగారూ" అంది ఆమె. ఆయన వెళ్ళాక చేటలో బియ్యం ఏరుతూ కూర్చుంది. ఏరిన బియ్యాన్నే మళ్ళీ ఏరింది.

అది చూసిన సిలార్ మర్నాడు ఒంటిగంటకి షాపు షట్టర్ సగం దించాడు. ఇన్నేళ్ళలో అతను వెళ్ళని గ్రహం ఒక్కటే ఉంది. ఓడలో పట్టే ఇంధనం అక్కడికి పోవడానికే సరిపోతుంది, రావడానికి చాలదు. అక్కడి జనానికి ముక్కుల్లేవని, వాడుకునేవాళ్ళు లేక వాసనలన్నీ గోడౌన్లలో మూలుగుతున్నాయని ఎప్పుడో ఒక వ్యాపారి దారిలో చెప్పాడు.

చేరేసరికి మూడయింది. తెర మీద అక్షరాలొచ్చాయి. వాసన ఉంది, బదులుగా ఓడ కావాలి.

సిలార్ బేరమాడాడు. ఓడలో ఉన్న సరుకంతా ఇస్తానన్నాడు. సరుకు మాకెందుకు, తిరగడానికి ఓడ కావాలి అన్నారు వాళ్ళు. అది ఎంత వేగంలో వణుకుతుందో, ఏ మలుపులో మొరాయిస్తుందో అతనికి తప్ప ఎవరికీ తెలీదు. కళ్ళు తుడుచుకుని, సరే అని నొక్కాడు.

తెర నల్లబడింది. సందులోంచి ఏదీ రాలలేదు. కంగారుగా చెయ్యి పెడితే చల్లగాలి తగిలింది. వాసన కంటికి కనపడుతుందా, నా పిచ్చిగాని, అనుకుని టిఫిన్ డబ్బా ఆనించి పట్టాడు. గాలి ఆగాక మూత బిగించి ఇంటికి పరుగెత్తాడు.

గుల్జార్ బేగం వసారాలో బట్టలు మడతపెడుతోంది. డబ్బా తీసి ఆమె ముక్కు దగ్గర పెట్టాడు.

"ఖాళీ డబ్బా చూపిస్తారేంటండీ?"

"పీల్చు."

పీల్చింది. ఏమీ కాలేదు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అంతలో ఆమె నోరు తెరిచి, కళ్ళు మూసి, ఇల్లదిరేలా తుమ్మింది.

"అల్‌హందులిల్లాహ్" అంది. ఆ వెంటనే, "అయ్యో, పొయ్యి మీద పాలు మాడుతున్నాయి!" అంటూ వంటింట్లోకి ఉరికింది.

సోమవారం మొదటి బస్తాలోంచి కాయ తీసి విరిచింది. "దర్శి వైపు కాయ. ఒకసారి తడిస్తే మళ్ళీ ఆరబెట్టి తెచ్చారు." తెచ్చిన రైతు తల గోక్కున్నాడు. నాగేంద్రబాబు తన కుర్చీ ఆమెకి వేయించాడు.

ఒంటిగంటకి ఆమె క్యారేజీ పట్టుకుని షాపుకొచ్చింది. పాత తెర మీద ఆట మళ్ళీ మొదటికొచ్చి, తెల్లగీతల చిన్న పడవేదో ఊగుతోంది.

"నా ఓడేదీ?"

"ఇచ్చేశాను."

"దేనికీ?"

సిలార్ క్యారేజీ విప్పాడు. గోంగూర వాసన గుప్పుమంది. గుల్జార్ బేగం గట్టిగా ఒకసారి పీల్చి, అతని వంక చూసింది. పక్కనున్న స్టూలు లాక్కుని, ఇరవై తొమ్మిదేళ్ళలో మొదటిసారి ఆ తెర ముందు కూర్చుంది. కొత్త పడవకి పేరేంటని తెర అడుగుతోంది. సిలార్ చెయ్యి పక్కకి తోసేసి, ఒక్కో అక్షరమే వెతుక్కుంటూ, సిలార్ అని కొట్టింది.

"చూసి నడపండి" అంది. "దీన్ని మాత్రం ఎవరేమిచ్చినా ఇవ్వనివ్వను."