ఎల్లారావు ఆంప్లిఫయరు

సిరీస్ బల్బు వెయ్యకుండా సెట్టు ఆన్ చేసే మెకానిక్కులంటే నాకు ఒళ్లు మంట. ఎల్లారావు ఆంప్లిఫయరును అలాంటివాళ్లే ఇద్దరు చూశారు. రెండుసార్లు అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లు మార్చారు. రెండుసార్లూ పాట మొదలవగానే మాడిపోయాయి. పాతసామాన్లకి ఇచ్చెయ్యమని చెప్పి పంపేశారట.

ఎల్లారావు దాన్ని మోసుకుని పూర్ణా మార్కెట్ వెనక సందులో ఉన్న నా షాపుకొచ్చాడు. అతని సౌండ్ సర్వీసంతా కలిపి ఈ పెట్టె, రెండు స్పీకరు బాక్సులు.

"ఇంద్రజప్పా, సాయంత్రం అమ్మోరి సంబరానికి మైకు ఒప్పుకున్నాను. ఇదీ పోతే మరి నన్నెవుడూ పిలవడు. రేపట్నుంచి అచ్యుతాపురం కంపెనీలో హెల్పరుగా వచ్చీమని మేస్త్రి గవర్రాజుగారు అంతన్నారు" అన్నాడు స్టూలు మీద కూలబడి.

పన్నెండేళ్లుగా మైకు పట్టుకు తిరిగిన మనిషి. నాకు జాలి కంటే ముందు కోపమొచ్చింది, ఆ ఇద్దరి మీద.

నా దగ్గరున్నది ఒక మల్టీమీటరు, ఒక సోల్డరింగ్ ఐరన్, చెక్క మీద బిగించిన వంద వాట్ల సిరీస్ బల్బు. ఆ రకం ట్రాన్సిస్టర్లు ఒక్క జతే మిగిలింది. అవీ మాడితే సాయంత్రానికి చేసేదేమీ లేదు.

అవి బిగించి, కరెంటు బల్బు గుండా వెళ్లేలా కలిపాను. లోపల షార్టుంటే బల్బు వెలుగుతుంది, ట్రాన్సిస్టర్లు బతుకుతాయి. ఆన్ చేశాను. బల్బు ఒక్కసారి మెరిసి ఆరిపోయింది. అంటే బాగున్నట్టే. స్పీకరు తగిలించకుండానే నా ఫోన్లోంచి పాట పెట్టి వాల్యూమ్ పెంచాను. దరువు పడినప్పుడల్లా బల్బు భగ్గుమంది.

"బల్బెందుకప్పా ఎలుగుతంది?"

"అదే సూత్తన్నాను. స్పీకరే లేదు కదా, కరెంటు ఎటు పోతంది?"

ఆపేసి, మీటరు వైరు ఒకటి ట్రాన్సిస్టరు ఒంటికి, ఇంకోటి వేడి పోవడానికి పెట్టె వెనకున్న అల్యూమినియం రెక్కలకి ఆనించాను. ఆ రెండూ కలవకూడదు, మధ్యలో పల్చటి మైకా రేకు అడ్డం ఉంటుంది. మీటరు కుయ్యిమంది, అంటే కలిశాయి. విప్పితే రేకు కింద ఎండిపోయిన పసుపు, కుంకుమ. వాటి మధ్య నల్లగా కాలిన చిన్న చిల్లు.

"దసరాకి దీనికి బొట్టెట్టావా?"

"ఎట్టకపోతే ఎలాగప్పా? అన్నమెట్టే సెట్టు. ఏటేటా ఎనకాల రెక్కలకి నిండా పసుపు నీల్లు రాసి కుంకం ఎడతాను."

తిట్టాలో నవ్వాలో తెలియలేదు. ఆ నీళ్లు రేకు కిందికి దిగి, సముద్రపు చెమ్మతో కలిసి, వేడికి మాడి కరెంటుకి దారి చేశాయి. ఆ మహానుభావులిద్దరూ ట్రాన్సిస్టర్లు మార్చి పాత రేకులే మళ్లీ వేశారు.

"బొట్టు ముందు పక్కెట్టు. ఎనక్కి సెయ్యెట్టావంటే ఊరుకోను" అన్నాను.

రెక్కలు స్పిరిటుతో తుడిచి కొత్త రేకులు వేశాను. ఈసారి వాల్యూమ్ చివరిదాకా తిప్పినా బల్బు వెలగలేదు. బల్బు తీసేసి, స్పీకరు బాక్సు తగిలించి, నేరుగా కరెంటిచ్చాను. పాట సందు మొదలు దాకా మోగింది. పక్క షాపులవాళ్లు బయటికొచ్చి నిలబడ్డారు. నాకు గర్వమేసింది, దాచుకోవాలని కూడా అనిపించలేదు.

ఎల్లారావు పాట ఆపి మైకు తగిలించాడు. హలో హలో అంటాడనుకున్నాను. ఒక చేత్తో మైకు, ఇంకో చేత్తో తన ఫోను పట్టుకుని మాట్లాడాడు. సందంతా విన్నది.

"గవర్రాజుగారా? ఎల్లారావునండి. నాను కంపెనీకి రానండి. నా సెట్టు మోగతంది, ఇనండి."

ఫోనుని బాక్సు ముందు పెట్టి పాట మళ్లీ వేశాడు.