కెమెరా ఉంటే అమ్మ లేనట్టే

ఇళ్ళల్లో రోజువారీ బతుకును ఉన్నదున్నట్టు ఫొటోలు తీయడం ఆమె వృత్తి. వరసగా నిలబెట్టడం, నవ్వమనడం ఆమెకు గిట్టవు. వెళ్ళిన ప్రతి ఇంట్లోనూ ఒకటే మాట: "నేను లేననుకోండి." పెద్దవాళ్ళకు ఎంత చెప్పినా ఓరకంట చూస్తూనే ఉంటారు. ఆ మాటను తు.చ. తప్పకుండా పాటించింది ఆమె ఐదేళ్ళ కూతురు బుడంకాయ ఒక్కతే. కెమెరా అమ్మ మెడలో పడిందా, ఇక కన్నెత్తి చూడదు, పిలిచినా పలకదు. "నువ్వు లేవుగా!" అంటుంది తర్వాత. తల్లి మురిసి ముక్కలయ్యేది.

ఆ బుడంకాయ మార్కెట్లో తప్పిపోయింది. కూరలమ్మే ముసలామె చేతులు ఫొటో తీద్దామని ఈవిడ పిల్ల చెయ్యి వదిలింది. వెనక్కి తిరిగేసరికి పిల్ల లేదు.

"మొహం కనబడే ఫొటో ఒకటి ఇవ్వమ్మా, అన్ని గేట్లకీ పంపిస్తా," అన్నాడు మార్కెట్ కాపలాదారు.

గబగబా ఫోనులో ఫొటోలు తిరగేసింది. జడ వేయించుకుంటున్న వీపు. పళ్ళెం వెనక సగం మొహం. చెప్పులు తొడుక్కుంటున్న కాళ్ళు. ఎన్ని ఉన్నా ఏం లాభం, పిల్ల మొహం తిన్నగా కనబడేది ఒక్కటీ లేదు. కెమెరా వైపు చూసినవన్నీ పాడయ్యాయని తనే చెరిపేసింది. దీపం కింద చీకటంటే ఇదే.

"ఇదేం ఖర్మమ్మా! వీపు చూపించి పిల్లను వెతకమంటే ఎలా?"

ఆమె సందుసందూ పరుగెత్తింది. మెడలో కెమెరా పొట్టకు కొట్టుకుంటోంది. అరిచి అరిచి గొంతు బొంగురుపోయింది. పగవాళ్ళ పిల్లలకు కూడా రాకూడనివన్నీ తన పిల్లకు వచ్చినట్టే కళ్ళముందు కనబడ్డాయి.

చివరి వరసలో మిషన్ కుడుతున్న దర్జీ ఆమెను ఆపాడు.

"గళ్ళ గౌను పాపేనా? ఇందాక నువ్విటు పరుగెత్తినప్పుడు ఇక్కడే ఉందమ్మా. 'అదిగో మీ అమ్మ కాదూ, పిలవవే' అన్నాను. 'ష్... కెమెరా వేసుకుంది. ఇప్పుడు అమ్మ లేదు' అంది. ఏడుపు దిగమింగుకుని అటు తిరిగి వెళ్ళిపోయింది."

పై ప్రాణాలు పైనే పోయాయి ఆమెకు. పిల్ల తనను ఎన్నిసార్లు చూసిందో, ఎన్నిసార్లు మొహం తిప్పుకుందో! మెడలోంచి పట్టీ లాగి కెమెరాను నేలకేసి కొట్టింది.

"నేనున్నానే, బుడంకాయా! నన్ను చూడవే!"

గోనెసంచుల వెనక నుంచి ఏడ్చి ఏడ్చి ఉబ్బిన చిన్న మొహం బయటికొచ్చి, తిన్నగా ఆమెనే చూసింది.

"ఫొటోలు అయిపోయాయా అమ్మా?"