విడి మెట్లు

సత్రానికి మైల అంటుతుందా అన్న సందేహం నాకు చాలా ఏళ్లుగా ఉంది. పుణ్యక్షేత్రాల్లో ఉండే సత్రాల సంగతి కాదు. దిల్‌సుఖ్‌నగర్‌లో నా పుస్తకాల దుకాణం పక్కనే ఉండిన శ్రీ మార్కండేయ లాడ్జి గురించి నేనడిగేది.

ఆ లాడ్జి నడిపేవాడు బ్రహ్మం. పోచంపల్లి వైపు చేనేత కుటుంబం. మగ్గం మీద బతుకు గడవక పట్నం వచ్చి, మొదట ఆ లాడ్జిలోనే గదులు ఊడ్చే పనికి కుదిరి, తర్వాత దాన్ని లీజుకు తీసుకున్నాడు. పొద్దున్నే స్నానం చేసి, కౌంటర్ పైగూట్లో మార్కండేయుడి పటానికి దీపం పెట్టి, గదుల తాళంచెవులన్నీ ఆ పటం ముందు పరిచి, అగరొత్తి తిప్పి, అప్పుడు కొక్కేలకు తగిలించేవాడు. అదయ్యేదాకా ఎంత తొందరలో ఉన్నవాళ్లయినా బెంచీ మీద కూర్చోవలసిందే.

వచ్చేవాళ్లలో సగంమంది పిల్లల్ని కోచింగ్‌లో చేర్చడానికి వచ్చిన తల్లిదండ్రులు. మిగతావాళ్లు ఆస్పత్రులకు వచ్చినవాళ్లు. నల్లగొండ, సూర్యాపేట వైపు బస్సులు ఎల్బీనగర్‌లో ఆగుతాయి, ఆస్పత్రులూ ఆ చుట్టుపక్కలే. రోగి మంచం మీద ఉంటే ఇంటిల్లిపాదీ వంతులవారీగా లాడ్జికి వచ్చి కునుకు తీసి వెళ్లేవారు. అందరు రోగులూ ఇంటికి తిరిగి వెళ్లరు కదా. ఎవరైనా పోతే, కాగితాలన్నీ అయ్యి మనిషిని అప్పగించేదాకా ఆడవాళ్లు కూర్చుని ఏడ్చేది బ్రహ్మం దగ్గరే. కింద వెనకవైపు ఒక గది, దానికి వేరే తలుపు, బయట కుళాయి. ఆ గది వాళ్లకు తెరిచి, ఎవరినీ ఏమీ అడగకుండా కాగులో నీళ్లు కాచేవాడు. మర్నాడు గది కడిగి, తాళంచెవి మళ్లీ ఆ పటం ముందు పెట్టి, అదే గదిని ఇంకొకరికి ఇచ్చేవాడు.

మా ఇంట్లో మైల వస్తే దేవుడి గది తలుపు మూసేస్తాం. మరి ఇన్ని చావులు ముట్టిన చోట బ్రహ్మం పెట్టే దీపాన్ని దేవుడెలా పుచ్చుకుంటున్నాడు? ఒకసారి మా గుడి అర్చకుణ్ని అడిగాను. "బాటసారులు దిగే చోటికి మైల ఉండదండీ భానుమూర్తిగారూ" అన్నారాయన. ఎందుకుండదో చెప్పలేదు. నేను చదివింది పదో తరగతి. ఆపైన ఏమని అడగాలో నాకు తెలియలేదు.

పుస్తకాల బేరం తగ్గిపోయాక దుకాణం ఇచ్చేసి మన్సూరాబాద్‌లో మా ఇంటిపట్టున కూర్చున్నాను. ఆ ఏడే మేడమీద అద్దెకున్నవాళ్లు ఖాళీ చేశారు. మా అబ్బాయి రాఘవేంద్ర గేటుకు టులెట్ బోర్డు కట్టనివ్వలేదు.

"నెల అద్దె ఎందుకు నాన్నా, రోజువారీ ఇద్దాం. ఫోన్లో పెడితే వాళ్లే వెతుక్కుంటూ వస్తారు."

"ముక్కూ మొహం తెలియనివాళ్లకా?" అంది మా ఆవిడ వేదవతి.

"ఆధార్ తీసుకుంటాంగా అమ్మా. మెట్లు ఎటూ బయటినుంచే. వాళ్ల దారి వాళ్లది, మన దారి మనది."

కోడలు మృదుల కొత్త దుప్పట్లు పరిచి ఫొటోలు తీసింది. వాటి కింద రాఘవేంద్ర రాసింది చదివి వినిపించాడు: విడి మెట్లు, సొంత వంటగది, ఎవరి జోక్యమూ ఉండదు, మెట్రోకూ ఆస్పత్రులకూ దగ్గర. వారం తిరక్కముందే విజయవాడ నుంచి ఒక జంట వచ్చారు. ఆ తర్వాత మేడ ఖాళీగా ఉన్న రోజులు తక్కువ. వెళ్లేవాళ్లు ఇల్లు గుడిలా ఉందని ఫోన్లో రాసేవారు. వేదవతి ఆ రాతల్ని నాచేత రెండేసిసార్లు చదివించుకునేది. నాకూ బాగానే ఉండేది.

ఆ వేసవిలో సూర్యాపేట నుంచి అండాలమ్మ అనే పెద్దావిడ కంటి ఆపరేషన్‌కని కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది. మెట్లెక్కబోతూ నన్ను చూసి ఆగింది.

"నువ్వు బ్రహ్మం లాడ్జి పక్కన బుక్కుల దుకాణం సారువు గదా? మా పిలగాన్ని కోచింగ్ల ఏసినప్పుడు మస్తుసార్లు చూసిన."

"అవునమ్మా. ఈసారి లాడ్జికి వెళ్లలేదా?"

"ఆడికే పోదామంటి. గీ పిల్ల ఫోన్ల చూసి, గిదైతె ఇల్లు లెక్కుంటదే అన్నది. నాకేం తెల్సు."

మర్నాడు దిల్‌సుఖ్‌నగర్ వెళ్లాను. కౌంటర్ వెనక కొక్కేలన్నిటికీ తాళంచెవులు వేలాడుతున్నాయి. ఒకప్పుడు మధ్యాహ్నమయ్యేసరికి ఒక్కటీ మిగిలేది కాదు.

"రా సారు, కూసో. మీ మేడ ఎట్ల నడుస్తున్నది?" అన్నాడు బ్రహ్మం.

"మీకెలా తెలుసు?"

"నా గిరాకీ యాడికి పోతున్నదో నాకు తెల్వదా? మీ కోడలు ఫొటోలు మంచిగ తీసింది. మంచం మీద పూలు సుత చల్లిండ్రు. ఒక రోజు నేనే దిగుదామనుకున్న." తనే నవ్వాడు.

నాకు నవ్వు రాలేదు. "తీసేయమని అబ్బాయితో చెప్తాను బ్రహ్మంగారూ."

"నువ్వొక్కనివి తీసేస్తె నాకేమొస్తది? మీ కాలనీల గల్లీ గల్లీకి ఉన్నయి. అటు మీర్‌పేట్ దాక గదే కథ. నాకేమొ కరెంటు దుకాణం రేటు, లైసెన్సులు, ఫైరోళ్లు, పోలీసోళ్ల రిజిస్టరు. మీకు ఇంటి కరెంటు. ఎట్ల నిలబడ్త చెప్పు? బిల్డింగ్ ఓనరు దసరా దాక టైమిచ్చిండు. అప్పటికి రూములు నిండకపోతె లేడీస్ హాస్టల్‌కు ఇచ్చేస్తడంట."

"ఈలోగా పుంజుకోవచ్చు."

"చూద్దాం. నీ దేవునికి జర నా సంగతి చెప్పు."

ఇంటికొచ్చి రాఘవేంద్రను అడిగాను. "మనం మానేస్తే వాళ్లు పక్కింటికి పోతారు నాన్నా, లాడ్జికి పోరు" అన్నాడు. అందులో అబద్ధం లేదు. నిజం విన్నాక మనసు కుదుటపడాలి కదా, నాకు పడలేదు. రోజూ పూజలో బ్రహ్మం పేరు తలుచుకున్నాను. మేడ మీద దుప్పట్లు మాత్రం మారుతూనే వచ్చాయి.

దసరా దగ్గరపడింది. రూములు నిండలేదు. లాడ్జి ఖాళీ చేస్తున్నానని బ్రహ్మం ఫోన్లో చెప్పాడు. భోంచేశారా అని అడిగి పెట్టేశాను.

నవరాత్రులకు మేము కలశం పెట్టుకుంటాం. పక్కన అఖండ దీపం. కలశం కదిపేదాకా ఆ దీపం కొండెక్కకూడదు, ఇంట్లోకి మైల రాకూడదు. ఆ రోజుల్లో మేడమీద దిగినవాళ్లు నల్లగొండ వైపువాళ్లు. క్రాంతికుమార్ అనే కుర్రాడు, అతని భార్య ప్రసన్న, తల్లి యాదమ్మ. తండ్రి లింగస్వామి ఆస్పత్రిలో ఉన్నాడు. యాదమ్మ పొద్దున్నే ఆస్పత్రికి బయల్దేరుతూ మా గుమ్మం దగ్గర నిలబడేది. వేదవతి కలశం దగ్గర కుంకుమ పొట్లం కట్టి ఇచ్చేది. "నీ చేత్తోని ఇస్తున్నవు బిడ్డా, ఆయన లేసి కూసుంటడు" అనేది యాదమ్మ.

దుర్గాష్టమినాటి మధ్యాహ్నం క్రాంతికుమార్ ఒక్కడే వచ్చి గేటు బయటే ఆగిపోయాడు.

"సారు, నాయిన పోయిండు."

నేను మెట్టు దిగి, అక్కడే నిలబడిపోయాను.

"కాగితాలయ్యేసరికి పొద్దు గూకుతదంటున్నరు. అమ్మను గంతసేపు ఆడ బెంచీ మీద కూసోబెట్టలేను సారు. మా పెదనాయినోళ్లు సుత ఊరికెల్లి ఒస్తున్నరు. పైన జర కూసుంటరు, నెత్తి మీద నీళ్లు పోసుకుంటరు. వ్యాను ఈడికే ఒచ్చి ఎక్కించుకపోతది."

అబ్బాయీ కోడలూ ఆ పూట ఇంట్లో లేరు. నా వెనక గుమ్మంలోకి వేదవతి వచ్చింది. ఆమె కళ్లనిండా నీళ్లున్నాయి. కానీ గుమ్మం దాటలేదు.

"ఇంట్లో కలశం ఉంది బాబూ" అన్నాను.

"కలశం కింద గదా సారు. మెట్లు వేరేనే గదా. మేం మీ దిక్కు రాం."

"ఎంతైనా ఇల్లు ఒకటే కదా నాయనా."

అతను మెట్ల వైపు చూసి మళ్లీ నావైపు చూశాడు. "ఎల్లుండి దాక బుకింగున్నది సారు" అన్నాడు. గొడవ పెట్టుకునే గొంతు కాదు. మరిచిపోయానేమోనని గుర్తు చేస్తున్నట్టే అన్నాడు.

అద్దె తీసుకున్నన్నాళ్లూ ఆ మేడ విడిగా ఉన్న చోటు. చావు వచ్చేసరికి మా ఇంట్లో భాగమైపోయింది. అర్చకుడి మాట గుర్తొచ్చింది. బాటసారులు దిగే చోటికి మైల లేకపోతే, మరి మా మేడ ఏమిటి? ఆయనకు ఫోన్ చేసి అడగవచ్చు. మైల లేదు, రానివ్వండి అంటారేమోనని భయమేసింది. అడగలేదు.

ఆస్పత్రిలో మనిషి పోయాడనగానే నాకు తట్టింది ఆ వెనక గదే. బ్రహ్మానికి ఫోన్ చేసి విషయం చెప్పాను.

"మంచాలు నిన్ననే కొనుక్కపోయిండ్రు సారు. జంపఖానలున్నయి. తాళాలు ఇచ్చేది దసరా నాడు గదా. పంపు."

"ఖాళీ చేసే హడావిడిలో మీకు…"

"మాటలు తర్వాత. ముందు ఆ ముసలామెను పంపు."

క్రాంతికుమార్ ఆస్పత్రికి వెళ్లి తల్లినీ ప్రసన్ననూ ఆటో ఎక్కించుకున్నాడు. వాళ్ల వెనకే నేనూ స్కూటర్ మీద వెళ్లాను. లాడ్జి బోర్డు అప్పటికే దించేశారు. గోడ మీద బోర్డున్నంత మేర పాతరంగు తెల్లగా కనిపిస్తోంది. ప్రసన్న పట్టుకుంటే యాదమ్మ ఆటో దిగింది. బ్రహ్మం ఎదురొచ్చి "రా అమ్మా, గిట్ల ఎనకకెల్లి రా" అంటూ ఆమె చెయ్యి పట్టుకుని నడిపించాడు. పక్కసందులోంచి పొగ వస్తోంది. గ్యాస్ పొయ్యి కూడా అమ్మేసినట్టున్నాడు, విరిగిన స్టూళ్లు ముట్టించి కాగు పెట్టాడు.

నేనూ వాళ్ల వెనక వెళ్లబోయాను.

"నువ్వు ఆడనే నిలబడు సారు" అన్నాడు బ్రహ్మం. "ఇంట్ల కలశమున్నది గదా. ఈడ నేను చూసుకుంట."

అందులో ఎత్తిపొడుపు లేదు. ఉంటే బాగుండేదనిపించింది.

ఒకప్పటి నా దుకాణం ముందు నిలబడ్డాను. ఇప్పుడక్కడ ఫోన్లకు తొడుగులు అమ్ముతున్నారు. లోపలినుంచి యాదమ్మ ఏడుపు వినిపిస్తోంది. ఊరినుంచి ముగ్గురు నలుగురుగా బంధువులు వచ్చి, బోర్డు కనపడక, "మార్కండేయ లాడ్జి యాడ సారు?" అని నన్నే అడిగారు. అదిగో అని చెయ్యి చూపించాను. ఆ పూట వాళ్లకు నేను చేసిన సాయం అదొక్కటే.

సాయంత్రానికి వ్యాను వచ్చి అందరినీ ఎక్కించుకుని వెళ్లింది. బ్రహ్మం కుళాయి కింద బకెట్ పెట్టి, ఒంటి మీది బట్టలతోనే నీళ్లు గుమ్మరించుకున్నాడు. తడిబట్టలతో రోడ్డు దాకా వచ్చి, నాకు దూరంగా ఆగాడు.

"పో సారు. ఇంటికాడ అక్క ఒక్కతే ఉంటది. దీపం చూసుకోండ్రి."

దీపం కొండెక్కలేదు. కలశం పద్ధతి ప్రకారమే కదిపాం. అదే రోజు లాడ్జి తాళాలు హాస్టల్‌వాళ్ల చేతికి వెళ్లాయి. తర్వాత క్రాంతికుమార్ మా మేడ గురించి రాసింది రాఘవేంద్ర చూపించాడు. "ఇల్లు శుభ్రంగా ఉంది. కింద దేవుని భక్తి గలవాళ్లుంటారు." అంతే రాశాడు. వేదవతి రెండోసారి చదవమనలేదు. మేడ నెల అద్దెకు ఇచ్చేద్దామంది. ఈసారి రాఘవేంద్ర కూడా కాదనలేదు. ఇచ్చేశాం. దానివల్ల ఇప్పుడు ఎవరికీ ఒరిగిందేమీ లేదు. మా గల్లీలో మిగతా మేడలకు రోజూ పెట్టెలతో మనుషులు వస్తూనే ఉన్నారు. వాళ్లలో ఆస్పత్రులకు వచ్చినవాళ్లని చూస్తే నాకు బెంగగా ఉంటుంది. వీళ్లకు రాకూడని కబురు వస్తే ఎక్కడికి పోతారు?

కార్తీకంలో ఒక మధ్యాహ్నం గేటు చప్పుడైంది. చూస్తే బ్రహ్మం.

"అక్కా, బాకీ తీర్చనీకి ఒచ్చిన" అన్నాడు వేదవతితో.

మేం ఏటా వ్రతానికి పిలిచేవాళ్లం. ఏటా ఒకే జవాబు చెప్పేవాడు: కౌంటరు ఇడిచిపెట్టి ఎట్ల ఒస్త అక్కా, ఒక పూట తిండి మీకు బాకీ. రాఘవేంద్ర పెళ్లిలో కూడా అక్షింతలు వేసి, తినకుండానే పరుగెత్తాడు. అతను మా ఇంట్లో కూర్చుని తినడం మేం ఎన్నడూ చూడలేదు.

వేదవతి అరిటాకు వేసింది. గోంగూర పప్పు, దోసకాయ పచ్చడి, చారు. మొదటి ముద్దకే బ్రహ్మం నీళ్లు తాగాడు.

"మీ ఆంధ్రోళ్ల పచ్చడి పాడుగాను, చెవులల్లకెల్లి పొగలొస్తున్నయి. ఇంకింత ఎయ్యి అక్కా."

"ఇప్పుడేం చేస్తున్నారు అన్నయ్యగారూ?" అని అడిగింది వేదవతి.

"మా బామ్మర్ది చీరల దుకాణంల కూసుంటున్న. గిరాకీ రాంగనె, ఎన్నొద్దులుంటరు అని అడగబోత. ఆడు తలకాయ కొట్టుకుంటడు."

మృదుల నవ్వింది. నేను గొంతు సవరించుకున్నాను. "బ్రహ్మంగారూ, ఆ రోజు మీరు లేకపోతే…"

"తిననియ్యి సారు."

అతను ఎక్కడికీ వెళ్లే తొందర లేనివాడిలా, కలిపిన ప్రతి ముద్దా నెమ్మదిగా తిన్నాడు. మజ్జిగ కూడా మళ్లీ పోయించుకున్నాడు. తిని, ఆకు తనవైపుకు మడిచాడు.

"ఇగ బాకీ లేదక్కా" అన్నాడు.