శివుడు లేని మార్కండేయ పటం

నేను ఒక ఎర్రని పటాన్ని. ముప్పై మూరల ముతక గుడ్డకు చింతగింజల అంబలి, సుద్ద పూసి, చేర్యాల నకాషి చిత్రకారుడు రాజలింగం నా మీద మార్కండేయుని కథ గీశాడు. యముడు నల్లనీలం, లింగాన్ని చీల్చుకొచ్చే శివుడు తెలుపు, నేలంతా ఎరుపు. "ఎరుపు తల్లి గర్భం. పుట్టేటోడు, సచ్చేటోడు ఇద్దరు అండ్లనే ఉంటరు," అనేవాడు.

నన్ను చేయించుకున్నది సాలెవాడల్లో కథ చెప్పే ఒక ముసలాయన. ఆయన పోయాక కొడుకులిద్దరూ కథ చెప్పే ఊళ్లు పంచుకున్నారు. నన్ను పంచడం కుదరక పెద్దవాడు సాంబయ్య ఉంచుకున్నాడు. బొమ్మ చూడనిదే మనుషులు దేవుడి కథ వినరు. చిన్నవాడు మొండయ్య మూడేళ్లు ఊళ్లు తిరిగి, ఖాళీ జోలెతోనే ఇల్లు చేరాడు.

ఒక మధ్యాహ్నం సాంబయ్య యముడు పాశం విసిరే ఘట్టం చెబుతున్నాడు. జనాన్ని తోసుకుంటూ మొండయ్య వచ్చాడు. చేతిలో గొడ్డలి.

"అన్నా, సగం నాది. ఇయ్యాల నరుక్కపోత."

"తమ్మీ, దేవుని మీద ఇనుము ఎత్తకురా!"

ఎత్తాడు. సాంబయ్య చెయ్యి అడ్డం పెట్టాడు. గొడ్డలి మోచేతిని చీల్చి, నన్ను పాశం దగ్గర తెగ్గొట్టింది. నా ఎరుపు మీద నెత్తురు ఎక్కడ పడిందో కూడా కనబడలేదు.

జనం మొండయ్యను పందిరి గుంజకేసి బాదారు. పళ్లు రాలాయి. పక్కటెముక విరిగిన చప్పుడు నాకు వినబడింది. "పటాన్ని నరికిండు, సంపుండ్రి!" అని కేకలు. మనిషిని నరికాడని ఒక్కరూ అనలేదు. పెద్దమనుషులు నన్ను భద్రంగా చుట్టబోయారు. సాంబయ్య దుమ్ములో పాలిపోతున్నాడు.

అతని భార్య ఐలవ్వ నన్ను వాళ్ల చేతుల్లోంచి లాక్కుంది. తెగిన అంచు పట్టి పర్రున చింపింది. శివుడు ఊడివచ్చాడు.

"అవ్వా, పాపం తాకుతది!" అన్నారు పెద్దమనుషులు.

"నాకే తాకనీ. జరుగుండ్రి," అంటూ శివుణ్ణి మొగుడి చేతికి బిగించి కట్టింది.

సాంబయ్య కళ్లు తెరిచాడు. "వాణ్ణి ఇడువుండ్రి. నా తోడబుట్టినోడు."

విడిచారు. మొండయ్య పాక్కుంటూ వచ్చి అన్న కాళ్ల మీద పడ్డాడు. ఐలవ్వ వాడి నోటి నెత్తురు తుడవలేదు, తన్ననూ లేదు.

పుండుకు అతుక్కున్న గుడ్డను వేడినీళ్లతో నానబెట్టి పీకేసరికి శివుడు ముక్కలు ముక్కలైపోయాడు. సాంబయ్య చెయ్యి మళ్లీ పైకి లేవలేదు. చినిగిన పటాన్ని ఏట్లో కలపమన్నారు పెద్దలు. అన్నదమ్ములు వినలేదు. బొమ్మలు చూపే కర్ర మొండయ్య పట్టాడు, కథ సాంబయ్య చెప్పాడు. అట్లా పదకొండేళ్లు. శివుడు రావలసిన చోట సాంబయ్య పైపంచె తొలగించి చేతి మీది గొడ్డలి మచ్చ చూపేవాడు. సాలెవాళ్లు దానికే దండం పెట్టేవారు.

ఇప్పుడు నేను మ్యూజియంలో, అద్దం వెనక ఉన్నాను. కింద చీటీ అంటించారు: "శివుని భాగం లభ్యం కాలేదు." అది రాసినాయన సాంబయ్య చెయ్యి చూడలేదు.