అరగంట చాలని ఊరు

పంతొమ్మిదేళ్లుగా ఆ సముద్రతీరపు ఊరికి బస్సు నడుపుతున్న మనిషి, ఆ రోజు మొదటిసారి టికెట్టు కొనుక్కుని అదే బస్సులో మూడో వరుసలో కూర్చున్నాడు. పక్కన కిటికీ దగ్గర అతని భార్య. పెళ్లై నలభై రోజులు. అతనికి యాభై రెండేళ్లు, ఆమెకు నలభై ఆరు. ఆమె పెద్దాసుపత్రిలో దుప్పట్ల గది చూసుకుంటుంది. తల్లి మంచాన పడి ఉన్న పదహారేళ్లూ తన పెళ్లి మాట ఎవరినీ ఎత్తనివ్వలేదు. అతని మొదటి భార్య పోయి ఎనిమిదేళ్లయింది.

బస్సెక్కినప్పటి నుంచి అతనికి స్థిమితం లేదు. మలుపు వచ్చిన ప్రతిసారీ కుడికాలు నేలను నొక్కుతోంది.

"అక్కడ బ్రేకు లేదండీ," అంది ఆమె మెల్లగా.

"అలవాటు. మీరు కాసేపు పడుకోండి."

"మీరలా తొక్కుతుంటే నాకు నిద్రెలా పడుతుంది?"

ఆ రోజుకి అతని బదులు డ్యూటీకొచ్చిన కొత్త డ్రైవరు అద్దంలోంచి చూసి నవ్వాడు. "ఎలా నడుపుతున్నానన్నా?"

"వంతెన దిగాక నెమ్మదిగా పోనీ. అక్కడ నీళ్లు నిలుస్తాయి," అనేసి, వెంటనే నాలుక కరుచుకున్నాడు.

కొండదారి దిగుతుండగా వాన పట్టుకుంది. బస్టాండు చేరేసరికి కుండపోత. కొత్త డ్రైవరు ఆఫీసులోకి వెళ్లి మొహం వేలాడేసుకుని వచ్చాడు. సాయంత్రం బస్సులన్నీ రద్దు చేశారట. అరగంటలో ఈ బస్సు వెనక్కి వెళ్తే, మళ్లీ రేపటిదాకా ఇంకోటి లేదు.

టీకొట్టు పెద్దావిడ అతన్ని చూసి, "ఏం అరగంటా, డ్యూటీ బట్టలేవీ?" అంది. ఆ ఊళ్లో అతనికి అదే పేరు. బస్సు అరగంటే ఆగుతుంది. ఆ కాస్త సమయంలో టీ తాగి, టైర్లు చూసుకుని తిరిగి వెళ్లిపోయేవాడు.

"ఇవాళ సెలవక్కా. సముద్రం చూద్దామని వచ్చాం."

"అదేంటి, ఇన్నేళ్లలో ఒక్కసారీ చూడలేదా నువ్వు?"

అతను తలదించుకున్నాడు. భార్యకి అది కొత్త సంగతి. ఆమె గొడుగు తెరిచింది.

వలలు బాగుచేసే కొట్లూ, తలుపులు మూసుకున్న ఇళ్లూ దాటి వీధి చివరికి వచ్చేసరికి గాలికి గొడుగు తిరగబడి ఊచలు బయటపడ్డాయి. ఆమె దాన్ని మడిచి చంకన పెట్టుకుంది. ఇక తడవడమే.

సముద్రం కనిపించలేదు. ఎదురుగా బూడిదరంగు వాన, దాని లోపలి నుంచి పెద్ద హోరు. కాళ్ల దగ్గరికి వచ్చి పోయే నురగ ఒక్కటే తెలుస్తోంది.

"ఇంత దూరం తీసుకొచ్చి మీకేమీ చూపించలేకపోయాను," అన్నాడు.

"ఇన్నాళ్లూ ఎందుకు రాలేదు?"

"ఆవిడ అడుగుతుండేది, ఒక్కసారి తీసుకెళ్లమని. వచ్చే నెల, సెలవు దొరకనీ అనేవాణ్ణి. అలా అంటూనే ఏళ్లు గడిపేశాను. మామూలు జ్వరమే అనుకున్నాం, వారంలో పోయింది. ఆ తర్వాత ఒక్కణ్ణే వచ్చి చూడబుద్ధి కాలేదు."

"మరి నన్నెందుకు తీసుకొచ్చారు?"

"మీకు కూడా వచ్చే నెల అని చెబుతానేమోనని భయమేసింది."

ఆమె అతని చెయ్యి పట్టుకుంది. ఇంటి బయట పట్టుకోవడం అదే మొదలు.

"అయితే ఇంకాసేపు ఉందాం. ఆవిడ వాటా కూడా చూసి వెళ్దాం."

చెయ్యి వదిలి రెండడుగులు ముందుకేసింది. అంతలో వానలోంచి ఒక అల లేచి మోకాళ్లదాకా కొట్టింది. కాళ్ల కింద ఇసుక జారి ఆమె తూలింది.

"ఏయ్, వెనక్కి రా నువ్వు!" అంటూ అతను ఒక్క గుంజు గుంజాడు. ఇద్దరూ తడి ఇసుకలో కూలబడ్డారు. ఆమె చెప్పుల్లో ఒకటి నీళ్లపాలైంది.

ఆమె పడీపడీ నవ్వుతోంది.

"దెబ్బ తగిలిందా? ఎందుకు నవ్వుతున్నారు?"

"మళ్లీ మొదటికొచ్చారా? ఇప్పుడేగా 'నువ్వు' అన్నారు. నలభై రోజులుగా మీరు, మీరు అంటుంటే నేనేమన్నా పెద్ద డాక్టర్నా అనిపించేది."

అతనికి చెవులు వేడెక్కాయి. "నోరు జారింది."

"జారనివ్వండి."

వాళ్లు బస్టాండుకి చేరేసరికి అరగంట దాటిపోయింది. బస్సు ఇంకా కదల్లేదు. "ఎక్కండన్నా, మీ కోసమే ఆపాను," అన్నాడు కొత్త డ్రైవరు. అతను మెట్టు మీద కాలు పెట్టి వెనక్కి చూశాడు. ఆమె ఒంటిచెప్పుతో వణుకుతూ, వచ్చిన దారి వైపే చూస్తోంది. అతను కాలు దించేశాడు.

"నువ్వు వెళ్లు తమ్ముడూ. మేం ఉంటాం."

టీకొట్టు పెద్దావిడ దగ్గర్లోని లాడ్జీ చూపించింది. మేడ మీద గది. ఆమె పొడి తువ్వాలుతో అతని తల తుడుస్తుంటే, అతను చిన్నపిల్లాడిలా మెడ వంచి డిపోకి ఫోను చేశాడు.

"రేపు సెలవు కావాలండీ."

"ఒంట్లో బాగోలేదా?" గుమాస్తా కంగారుపడ్డాడు.

"బాగానే ఉన్నాను. మా ఆవిడా నేనూ సముద్రం దగ్గరున్నాం."

అవతల కాగితాలు తిప్పిన చప్పుడు. "మీ సెలవులన్నీ మురిగిపోతున్నాయి. ఎన్ని రోజులు రాయమంటారు?"

అతను తలెత్తి ఆమె వైపు చూశాడు. ఆమె తువ్వాలు భుజాన వేసుకుని మూడు వేళ్లు చూపించింది.